అరికాలి మంట

లండన్ శివారు హేస్‌లో ఒక ఇల్లు. డిసెంబరు శనివారం, మధ్యాహ్నం. ముందుగదిలో సోఫా మీద అయ్యప్ప మాల వేసుకున్న హన్మంతు. కోటు కూడా విప్పకుండా తలుపుకి అడ్డంగా నిలబడ్డ కోడలు శ్రీప్రియ.

"జరుగు మాతా. నాలుగింటికి ఇరుముడి కట్టేదున్నది. అందరు భజన హాల్ల ఎదురుచూస్తుంటరు."

"జరగనండి. కాలు చూపించి వెళ్ళండి."

"స్వామి అనాలె. మాల మీదున్నోన్ని అండి గిండి అనొద్దు."

"కాలు చూపించి వెళ్ళండి స్వామీ."

"కాలుకేమైంది? మంచిగనే ఉన్నది."

"మంచిగా ఉంటే దుప్పటి కింద ఎందుకు దాచారు?"

"సలి. ఇది నీ కాకినాడ కాదు."

"హీటింగు ఇరవై మూడులో ఉంది. నాకు చెమట పోస్తోంది."

"కోటు ఇప్పు మరి. ఎవరొద్దన్నరు?"

"విప్పను. మిమ్మల్ని కారెక్కించి హాస్పిటల్‌కి తీసుకెళ్ళి, అక్కడ విప్పుతాను."

"హాస్పిటల్‌కా? తెల్లారితె ఫ్లైటు. ముప్పై తొమ్మిది దినాలు కటిక నేల మీద పండుకొని, సన్నీళ్ళు పోసుకొని, ఒంటిపూట తిని, ఇయ్యాల నీ ఎంబడి హాస్పిటల్‌కు రావాల్నా?"

"రావాలి."

"అసలు నువ్వు డ్యూటీ ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవ్? శనివారం క్లినిక్ ఉన్నదంటివి గదా. డ్యూటీల రోట మార్చిండ్రా?"

"మార్చలేదు. మధ్యలో లేచి వచ్చాను. వీడియో చూశాను."

"ఏ వీడియో?"

"పోయిన శనివారం మీ పడిపూజది. మీ భజనలకొచ్చే భావన ఇవాళ పొద్దున్న పంపింది. 'మీ మావగారు ధన్యులు' అని రాసి, కింద పది దణ్ణాలు పెట్టింది."

"అగో. చూసినవ్ గదా. చూసినంక గూడ గిట్ల అడ్డం నిలవడ్తవా?"

"చూశాను కాబట్టే నిలబడ్డాను. పద్దెనిమిది మెట్ల మీద కర్పూరాలు వెలిగించారు. మీరు భజనలో ఊగుతున్నారు. మెట్టు మీంచి ఓ కర్పూరం బిళ్ళ మండుతూ కింద పడింది. దాని మీద ఎడమ కాలు వేశారు."

"ఏసిన."

"వేసి తియ్యలేదు."

"స్వామి తియ్యనియ్యలే."

"పాటలో రెండు చరణాలు అయ్యేదాకా మీ చరణం కాలుతూనే ఉంది."

"అదే మహిమంటే. అందరు చూసిండ్రు. శరణుఘోషతోని హాలు అదిరిపోయింది. సదాశివం గురుస్వామి అంతటోడు నా కాళ్ళ మీద పడ్డడు. పద్దెనిమిదేండ్ల సంది కొండెక్కుతున్నడు ఆయన. ఆయనకు గూడ గసొంటిది కాలేదట."

"అందరూ మీ మొహం చూశారు. నేను కాలు చూశాను. రోజూ చూసేది అదే కాబట్టి."

"ఔ మరి. నీ కొలువే గది. ఊరోళ్ళ కాళ్ళు పట్టుడు."

"అదే నా కొలువు."

"జగిత్యాల నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, అన్నా, నీ కోడలు లండన్ల ఏం చేస్తదే అంటడు. ఏం చెప్పాలె? హాస్పిటల్ల చేస్తది అని ఊకుంట. డాక్టర్ అనుకుంటడు ఆడు. అనుకోని అని ఊకుంట."

"చెప్పండి. కాళ్ళు పట్టుకుంటుంది అని చెప్పండి. పుళ్ళు కడుగుతుంది, చచ్చిన చర్మం కోస్తుంది, ఆ పని చేసి కొందరి కాళ్ళు ఉంచుతుంది అని కూడా చెప్పండి. ఇప్పుడు నా కాలు పట్టుకోడానికి వచ్చింది అనండి."

"ముట్టొద్దు. మాల మీదున్న. మాతలు ముట్టొద్దు."

"వస్తూ దారిలో గురుస్వామికి ఫోన్ చేశాను."

"ఎవరికి?"

"సదాశివం గారికి. వైద్యానికి అడ్డు లేదన్నారు."

"నా గురుస్వామికి నువ్వు ఫోన్ చేసినవా? నన్నడుగకుంటనే?"

"ఇంకో మాట కూడా అన్నారు. మాలలు వేసిన రోజున, షుగరున్న స్వాములు ఎవరెవరో చేతులెత్తండి అన్నారట. చెప్పులేసుకోండి, ఈ చలిదేశంలో వట్టి కాళ్ళతో తిరగొద్దు, స్వామి ఏమీ అనుకోడు అని చెప్పారట. నలుగురు ఎత్తారట."

"ఎత్తనియ్."

"మీరు ఎత్తలేదట."

"నా ఇష్టం. నా శక్తి నాకున్నది."

"పదకొండేళ్ళుగా షుగరుంది మీకు."

"ఇప్పుడు చెప్పినవా ఆయనకు?"

"చెప్పాను."

"చెప్పినవా?"

"చెప్పాను అన్నాను కదా."

"నా పరువు తీసినవ్. నలుగుర్ల పరువు తీసినవ్. వారం దినాల సంది నాకు దండం పెడ్తున్నరు మనుషులు. ఇయ్యాల సాయంత్రం అందర్ల ఏమనుకుంటడు ఆయన నన్ను? నాకు అరికాలి మంట నెత్తికెక్కుతున్నది సూడు నిన్ను చూస్తుంటె."

"అరికాలి మంట మీకు తెలిస్తే ఇంకేం కావాలి స్వామీ. తెలీకే కదా ఈ గొడవంతా."

"మాటలు బాగ ముదిరినయ్ నీకు."

"వాసన వస్తోంది."

"ఏం వాసన? ఊదుబత్తులు. పొద్దున పూజ చేసిన."

"ఊదుబత్తులది వేరు. దాని కిందది చెప్తున్నాను. తొమ్మిదేళ్ళుగా రోజూ పీలుస్తున్నాను ఆ వాసన. నిన్నటిదాకా లేదు, ఇవాళ వీధి తలుపు తియ్యగానే తెలిసిపోయింది."

"కుక్క ముక్కా నీది?"

"అనండి."

"వినీత్‌కు చెప్పినవా ఇదంత?"

"చెప్పాను. హాల్లో పందిరి కడుతున్నాడు. నాన్న నా మాట వింటాడా, నువ్వే చూడు అన్నాడు."

"ఇననే ఇన. ఆడు నా మాటింటె కద. నా మాటినే కొడుకైతే నిన్నెందుకు చేసుకుంటుండె?"

"అదీ నిజమే. కాలు."

"అబ్బ, ఒకటే పాట. అనుదీప్ స్వామి కారేసుకొని వస్తున్నడు నాకోసం. ఆయన వస్తె నిన్ను జరిపి తీస్కపోతడు."

"రాడు. రావద్దని మెసేజ్ పెట్టాను."

"నువ్వెవ్వతివి పెట్టనీకి?"

"మీ కోడల్ని. బస్సెక్కి పోతానంటే పొండి. కానీ రేపు ఎయిర్‌పోర్టులో ఏం చూపిస్తారో చూసుకోండి. మీ పాస్‌పోర్టు నా బ్యాగులో ఉంది."

"దొంగతనం గూడ మొదలుపెట్టినవా?"

"అవును."

"నా పాస్‌పోర్టు నాకియ్యి."

"కాలివ్వండి, ఇస్తాను."

"ఇయ్య. ఏం చేస్తవో చెయ్. నేను ఈన్నే కూసుంట. కండ్లు మూసుకొని శరణు చెప్పుకుంట. నువ్వు మాట్లాడి మాట్లాడి అలిసిపోతవ్ గదా, అప్పుడు లేస్త."

"చెప్పుకోండి."

"స్వామియే శరణమయ్యప్ప."

"గట్టిగా చెప్పుకోండి."

"స్వామియే శరణమయ్యప్ప. దుప్పటెందుకు గుంజుతున్నవ్?"

"దుప్పటి దుప్పటే, మీరు కాదు కదా. కళ్ళు తెరవకండి, శరణు మధ్యలో ఆపకూడదు."

"నాకే నేర్పుతున్నది. స్వామియే శరణమయ్యప్ప. ముట్టొద్దు, చెప్తున్న."

"వింటున్నాను."

"స్వామియే శరణమయ్యప్ప. ఏం జేస్తున్నవ్ కింద? సప్పుడు లేదు."

"ఏం లేదు. చాప మీద కూర్చున్నాను."

"దూరం జరిగి కూసో. ముడితే మాత్రం ఊకోను."

"ముడితే మీకు తెలుస్తుంది కదా స్వామీ."

"తెల్వదా మరి? నేనేమన్న బండరాయినా?"

"అయితే కళ్ళు తెరవండి."

"తెరిస్తె ఏమున్నది?"

"ఇది మీ బొటనవేలు. ఇది నా చెయ్యి. పట్టుకున్నాక మీరు రెండు శరణాలు చెప్పారు."

"ఎప్పుడు వట్టినవ్?"

"చెప్పాను కదా."

"ఎప్పుడు వట్టినవ్, ఎప్పుడు?"

"కళ్ళు మూసుకున్న కాసేపటికే."

"ధ్యానంల ఉన్న నేను. ధ్యానంల ఉన్నోనికి ఒంటి మీద సోయి ఉంటదా?"

"సరే. ధ్యానం లేకుండా ఇంకోసారి మూసుకోండి. ఏ వేలు ముట్టానో చెప్పండి, చాలు. చెప్తే పాస్‌పోర్టు ఇచ్చేసి దారి వదిలేస్తాను."

"నీ ఆటలు నా తాన కాదు. ఇడువు కాలు."

"మూసుకోండి. ఒక్కసారి."

"ఇడువంటున్న."

"వదులుతాను. వదిలేముందు ఇంకొకటి. మడమ నేల మీదే ఉంచి పాదం పైకెత్తండి. ముందు కుడిది."

"గిదేం ఆట? ఎత్తిన. అయ్యిందా?"

"అయింది. ఇప్పుడు ఎడమది."

"ఎత్తిన."

"ఎడమదండి."

"ఎడమదే. ఎత్తిన గదా."

"కిందికి చూసి ఎత్తండి."

"ఎత్తుతున్న."

"చూడండి."

"ఎత్తుతున్న. ఎత్తుతనే ఉన్న."

"లేవట్లేదు."

"కూసొని కూసొని తిమ్మిరెక్కింది."

"తిమ్మిరెక్కితే ఓ నిమిషంలో దిగుతుంది. కండ ఎండిపోదు. ఇక్కడ వేళ్ళ ఎముకల మధ్య ఈ గుంటలు చూడండి, నా వేలు పడుతోంది. ఇక్కడంతా కండ ఉండాలి. నా పాదం పక్కన పెడతాను, చూడండి తేడా."

"ముసలోని కాలు, పడుసుపిల్ల కాలు ఒక్కతీర్గ ఉంటయా?"

"మీ కుడికాలు కూడా ముసలోడిదే. దాన్ని చూడండి. పాదం లోపల చిన్న చిన్న కండలుంటాయి స్వామీ. వేళ్ళు నేల మీద చదునుగా ఆనించి ఉంచేవి అవే. వాటికి కబురు మోసుకెళ్ళేది నరం. షుగరుకి నరం పాడైపోయింది. కబురందని కండ పని మానేస్తుంది, పని మానేసిన కండ ఎండిపోతుంది. అప్పుడు పైన పిక్క నుంచి వచ్చే పెద్ద కండలు ఎదురులేక వేళ్ళని లాగేస్తాయి. అందుకే ఇలా కొంకర్లు పోయాయి."

"నొప్పి లేనిదే నరం ఎట్ల పాడైతది? నరం పట్టుకుంటె మనిషి లొల్లి పెట్టడా?"

"నొప్పి అని చెప్పాల్సింది నరమే. అదే పోయింది. ఇక చెప్పేదెవరు?"

"గోలీలు ఏసుకుంటున్న గదా."

"మాల వేసుకున్నాక కూడానా?"

"పూటకొకటి తప్పుతది. ఒంటిపూట భోజనం గదా."

"ఒంటిపూట భోజనం, రెండో పూట నాలుగు అరటిపళ్ళు, గిన్నెడు పాయసం. ఫుట్ చెక్‌కి రమ్మని మన ఏరియా డాక్టరు సర్జరీ నుంచి మూడేళ్ళలో మూడు లెటర్లు వచ్చాయి. మైక్రోవేవ్ మీద అట్టపెట్టెలో ఉన్నాయి. కవర్లు కూడా చింపలేదు."

"అవి కౌన్సిల్ టాక్స్‌వి అనుకున్న."

"సర్జరీ ముద్రుంది పైన."

"నాకు తెల్వదు."

"పాదం తిప్పుతున్నాను. అడుగు చూస్తాను."

"వద్దు."

"తిప్పేశాను."

"చూడకు."

"గుడ్డ ఎవరు కట్టారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"మంగళారం. పొద్దున బాత్రూంల నేల మీద మరకలు కనవడ్డయ్. ఎక్కన్నుంచా అని అద్దం పెట్టి చూసిన."

"చూసి?"

"విభూది పెట్టిన. పసుపు పెట్టి గుడ్డ కట్టిన."

"ఎవరికీ చెప్పలేదు."

"ఏమని చెప్పాలె? నొప్పి లేదు. నొప్పి లేనిది గాయమెట్లైతది? స్వామి గుర్తు పెట్టిండు అనుకున్న."

"అత్తయ్యకి కూడా చెప్పలేదా?"

"కనకమ్మకు చెప్తె హేస్ అంతటికి చెప్పినట్టే. ఏమున్నది ఆడ? చెప్పు. ఎందుకట్ల మొకం పెట్టినవ్?"

"గుంట పడింది. లోతుంది. కాలింది వేళ్ళ వెనక, ఎముకలు ఆనేచోట. వేళ్ళు పైకి లేచిపోయాయి కదా, మనిషి బరువంతా ఆ నాలుగు ఎముకల మీదే పడుతోంది. అక్కడే కాలి, దాని మీదే ఏడు రోజులు నడిచారు. విషం పాకుతున్న ఎర్రగీత చీలమండ దాటింది. మోకాలి కింద వేడిగా ఉంది. ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి."

"వేడిగున్నది."

"రెండోది?"

"సల్లగున్నది."

"ఇవాళ వెళ్తే డాక్టర్లు వేళ్ళ గురించి మాట్లాడతారు. మీరు కొండెక్కి దిగొచ్చాక వెళ్తే మోకాలి గురించి మాట్లాడతారు."

"బెదిరిస్తున్నవ్."

"అవును, బెదిరిస్తున్నాను."

"ఏండ్ల సంది మనసుల పెట్టుకున్నవ్ గదా. నన్ను ఇట్ల కింద కూసోపెట్టాలె అని. ఇయ్యాల దొరికిన. సంబురమేనా?"

"కింద కూర్చున్నది నేను. మీరు సోఫా మీదున్నారు."

"ఏదైతేంది."

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి. యాభై ఎనిమిదేళ్ళు మీరు. ఎప్పుడూ మాల వెయ్యలేదు. గుడికి రమ్మంటేనే పార్కింగు దొరకదని తప్పించుకునేవారు. ఈ ఏడే ఎందుకు వేశారు?"

"దేవుడు పిలిచిండు."

"గురుస్వామి చెప్పులేసుకోమన్నా ఎందుకు వేసుకోలేదు?"

"భక్తి."

"భక్తి."

"భక్తి అని చెప్తున్న గదా. ఎన్నిసార్లు చెప్పాలె."

"వీడియోలో ఎడమకాలు టప్పు టప్పుమని నేలకి కొడుతోంది. ఎత్తి వెయ్యట్లేదు, పడేస్తున్నారు. భజన తాళం అనుకున్నారు జనం. అది ఏడు రోజుల్లో వచ్చింది కాదు, కర్పూరం వల్ల వచ్చిందీ కాదు. ఎప్పట్నుంచి స్వామీ?"

"నాకు తెల్వదు."

"మీ వేర్‌హౌస్ ఉద్యోగంలో ఎలా నడిచారు?"

"తెల్వదంటున్న."

"సరుకులెత్తే ఆ ఫోర్క్‌లిఫ్టు బండి ఎలా నడిపారు?"

"ఇగ బస్ చెయ్."

"ఎలా నడిపారు?"

"చూసుకుంట నడిపిన. చాలా? ముందల చూడాల్నా, పెడల్ చూడాల్నా తెల్వకపోతుండె. కాలు పెడల్ మీదున్నదా లేదా వంగి చూసుకుంటుంటి. అక్టోబర్ల ట్రక్ దిగుతుంటె బూటు మెట్టుకు తట్టి బోర్లవడ్డ. సూపర్‌వైజర్ పోరడు వచ్చి, మిస్టర్ హన్మంతు, తాగి వచ్చినవా అని నా నోరు వాసన చూసిండు. నా నోరు. జీవితంల సుక్క ముట్టలే నేను."

"వినీత్‌కి చెప్పలేదా?"

"ఏమని చెప్తా? మీ నాయినకు నడువరాదు అనా? బూటు నిలుస్తలేదు. ఇనుప మొన బూటు, లేస్ ఎంత గుంజి కట్టినా లోపల వేళ్ళు ముడుసుకుంటయ్, పైన రాసుకుపోతయ్. చెప్పులేసుకుంటె ఒక చెప్పు ఎనకనే ఉండిపోతది, నాకు ఎరుకుండదు. ఒకనాడు స్టేషన్ కాడ ఒక తెల్లపిల్ల ఎనక నుంచి ఉరికొచ్చి చేతిల పెట్టింది, యువర్ స్లిప్పర్ అని. సగం రోడ్డు ఒట్టికాలుతోని వచ్చిన నేను. తెల్వనే తెల్వదు."

"అందుకని మాల."

"అందుకనే. మాల ఏసుకుంటె ఎవ్వడు అడుగడు. చెప్పుల్లేవేందంటె స్వామి అంటరు. మెల్లగ నడిస్తె స్వామి అంటరు. హాలిడేలన్ని ఒక్కసారే పెట్టిన. మండలం రోజులు కాలుకు గాలి తగిలితె అదే మంచిగైతది అనుకున్న."

"దేవుడు పిలవలేదన్నమాట."

"మొదలు పిలువలే. కర్పూరం మీద నిలబడ్డనాడు మాత్రం నిజమే అనుకున్న. వంద మంది కాళ్ళ మీద పడ్తుంటె, సదాశివం స్వామి కండ్లనీళ్ళు పెట్టుకుంటుంటె, నేను గూడ నమ్మిన. నమ్మాల్ననిపించింది. తప్పా?"

"కాదు."

"కాలలేదు అంటె స్వామి కాపాడిండు అనే అనుకుంటరు మావోళ్ళు. షుగర్ అని ఎవ్వడనుకుంటడు?"

"లేవండి. వీల్‌చైర్ లేదు, నా భుజం పట్టుకోండి. ఎడమకాలు నేలకి ఆనించొద్దు. కారు గేటు ముందే పెట్టాను."

"కాలు తీసేస్తరా?"

"ఇప్పుడే చెప్పలేను."

"నిజం చెప్పు."

"వేళ్ళు పోవచ్చు. రెండో, మూడో. కాలు ఉంచడానికి చూస్తారు. నేను లోపలికి రాలేను, చుట్టాలకి చెయ్యనివ్వరు. కానీ చేసేవాళ్ళు నాకు తెలుసు, మంచివాళ్ళు. వాళ్ళకి ఫోన్ చేసే వచ్చాను."

"ఇరుముడి?"

"గురుస్వామి గుడిలో ఉంచుతామన్నారు. వచ్చే ఏడు వెళ్ళొచ్చన్నారు."

"వచ్చే ఏడు ఏ కాలుతోని పోత?"

"లేవండి."

"ఆగు. ఒక్క కాలు మీద లేవొస్తలేదు."

"కూర్చోండి ఒక్క నిమిషం. మంచినీళ్ళు తాగండి. వద్దు, ఖాళీ కడుపుతోనే ఉండండి, లోపల ఏం చేస్తారో. నన్నొక్కమాట అడగొచ్చు కదండి. ఒకే ఇంట్లో ఉన్నాను. రోజూ చేసే పని ఇదే. ఎంత గిట్టకపోయినా ఒక్కమాట."

"అడుగుడెందుకని."

"ఎందుకంటే?"

"నువ్వు చూస్తనే ఉంటివి గదా. ఇంట్ల నేను ఒట్టికాళ్ళతోనే తిరుగుతుంటి. టీవీ కాడ కాళ్ళు చాపుకొని ఈ సోఫా మీదనే కూసుంటుంటి, నువ్వు గిన్నెలు తీస్కుంట ముందల నుంచే పోతుంటివి. రోజు ఎన్ని కాళ్ళు చూస్తవ్ నువ్వు? ఏమన్న ఉంటె మొదలు నీ కండ్లకే ఆనుతది. నువ్వేమంటలేవు. అంటె ఏం లేనట్టే, ముసలితనం, గంతే అనుకున్న."

"నేనేమీ అనలేదని."

"ఔ. నువ్వంటె నాకు పడదు, నేనంటె నీకు పడదు. గది వేరే ముచ్చట. పని తెలిసినదానివి గదా. మా తమ్మునికి చెప్పకపోవచ్చు గని నాకెరుక. నీ మాట మీద ధైర్యంగున్న. మాట గూడ కాదు. నువ్వు ఊకున్నవు గదా, దాని మీద."

"తాళాలు... తాళాలెక్కడ పెట్టాను."

"చేతిలనే ఉన్నయ్."

"ఆ."

"ఏమైందే? ఇంతసేపు గంటలెక్క మోగినవ్. ఇప్పుడు చేతిలున్న తాళాలు గూడ కనవడ్తలేవా?"

"పోయినేడు దీపావళికి మీ కాళ్ళకి దణ్ణం పెట్టాను."

"పెట్టినవ్. ఎవ్వరెవ్వరి కాళ్ళో పట్టిన చేతులు, పోయి కడుక్కొని రా అన్న. పరాష్కానికన్న నేను."

"ఇంటినిండా జనం. అందరూ నవ్వారు."

"నవ్విండ్రు. తప్పే నాది. నోరు జారిన. ఇప్పుడు ఆ ముచ్చటెందుకు, కాలు వట్టుకొని కూసున్నప్పుడు?"

"వంగినప్పుడు మీ వేళ్ళు చూశాను మావయ్యగారూ. అప్పటికే కొంకర్లు పోతున్నాయి. అదేంటో తెలుసు, ఎక్కడిదాకా వెళ్తుందో తెలుసు, ఆ సోమవారమే క్లినిక్‌కి తీసుకెళ్ళాలనీ తెలుసు. మీరు కడుక్కోమన్నారని వెళ్ళి చేతులు కడుక్కున్నాను, తిరిగొచ్చి అందరికీ స్వీట్లు పెట్టాను, ఏడాదిపాటు ఆ మాట మీకు కావాలనే చెప్పలేదు."